మనోజ్ఞకు లేని జబ్బు

జులై 9

బడిలో తల్లిదండ్రుల సమావేశం. హెడ్మిస్ట్రెస్ రామేశ్వరమ్మ మేడం నన్ను వేదిక మీదికి పిలిచి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు వేయించబోయే టీకా గురించి తల్లుల కమిటీ తరఫున నాలుగు మాటలు చెప్పమంది. గర్భాశయ క్యాన్సర్ రాకుండా వేసే టీకా. బడివాళ్ళే పిల్లల్ని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతారట. వద్దనుకున్నవాళ్ళు మేడంకు కారణం చెప్పి మినహాయింపు తీసుకోవాలి.

బాగానే మాట్లాడాను. ఆడపిల్లల విషయం అనగానే మనం గొంతు తగ్గిస్తాం, రోగానికి ఆ సిగ్గు ఉండదు కదా అన్నాను. మా మనోజ్ఞకు అందరికంటే ముందు వేయిస్తానని కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక ఇద్దరు ముగ్గురు చేయి పట్టుకుని, మీరు చెప్పినాక ధైర్యమొచ్చింది అన్నారు.

ఇంటికి వచ్చి ఆయనకు చెబితే, "నువ్వు కార్పొరేటర్‌గా నిలబడొచ్చు" అని నవ్వాడు. సంతోషంగానే ఉంది. ఎందుకు దాచుకోవడం.

జులై 10

మా అత్త ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఎవరో తెల్లకోటు వేసుకున్నాయన మాట్లాడుతున్నాడు. ఈ సూది వేసుకున్న ఆడపిల్లలకు రేపు గర్భం నిలవదంటాడు.

"సూడు స్వర్ణా. ఇది మన మనోజ్ఞకు వేస్తామన్నేదేనా?"

"అదంతా ఉత్తదే అత్తా. అట్లాంటివి నమ్మొద్దు."

"ఉత్తదే అయితే మంచిదే. నిజమైతే ఏమి చేస్తావు?"

నేను కూర దింపాను.

జులై 13

మూడు రోజులుగా అదే వీడియో నా కళ్ళ ముందు. అది అబద్ధమని నాకు తెలుసు. తెలియడం వేరు, భయం వేరు.

మనోజ్ఞ పుట్టక ముందు ఏడేళ్ళు నేను ఎట్లా బతికానో ఈ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఓర్వకల్లు దగ్గర మా ఊళ్ళో సీమంతాలకు పిలిచేవాళ్ళు కాదు. పిలవలేదని నేను బాధపడకుండా, "నీకు ఒంట్లో బాగలేదంట కదా, అందుకే చెప్పలేదు" అనేవాళ్ళు. కర్నూలు ఆసుపత్రుల్లో ఏ బల్ల మీద పడుకోలేదు నేను? ప్రతి నెలా ఆ మూడు రోజులు మా అత్త నా ముఖం చూసేది కాదు. ఇప్పుడు ఆమే మనవరాలి కోసం భయపడుతోంది.

మనోజ్ఞకు అట్లాంటి బతుకు వద్దు. లక్షలో ఒకరికి ఏదైనా అవుతుందంటే ఆ ఒక్కరు నా బిడ్డ ఎందుకు కావాలి. ముందు మిగతా పిల్లలకు వేయనీ. ఒక ఏడాది చూసి నేనే వేయిస్తాను. వద్దనడం లేదు కదా. ఆలస్యం, అంతే.

జులై 15

రామేశ్వరమ్మ మేడంకు ఫోన్ చేశాను. భయమేస్తోంది మేడం అని చెప్పాలనే చేశాను. వేదిక మీద అట్లా మాట్లాడిన మనిషిని, భయమనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మేడం, మనోజ్ఞకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చినాయి. అందుకని..."

"అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పలేదే స్వర్ణలతా. ఇప్పుడు కూడా వస్తాండాయా?"

"అప్పుడప్పుడు."

ఆ "అప్పుడప్పుడు" ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తెలియదు. మేడం ఇంకొక ప్రశ్న వేయలేదు. "నువ్వు చెప్పినాక నాకు డాక్టరు కాగితం కూడా వద్దులే. బిడ్డను జాగ్రత్తగా చూసుకో" అంది.

పూర్తిగా అబద్ధం కూడా కాదు. రెండేళ్ళప్పుడు జ్వరంలో ఒళ్ళంతా వణికింది. కళ్ళు తేలేసినట్టు అనిపించింది. డాక్టరు జ్వరమే అన్నాడు. అనిపించిన మాట మాత్రం నిజం.

జులై 16

ఆయనకు చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు. షాపుకు వెళ్ళిపోయాడు.

జులై 18

మేడం నాకొక పని అప్పజెప్పింది. మా వీధి చివరి ఫర్హానాకు నచ్చజెప్పమంది. "వాళ్ళల్లో ఒప్పుకుంటారో లేదో, నీ మాటంటే వింటుంది" అంది. ఫర్హానా భర్త జిలాని బాషా మా షాపుకు వచ్చే బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వాళ్ళ గౌసియా, మా మనోజ్ఞ ఎల్కేజీ నుంచీ ఒకే బెంచీ.

పోయాను. నేను మొదలుపెట్టకముందే ఫర్హానా నవ్వింది.

"గౌసియా వాళ్ళ నాయన ఫోన్లో అంతా చదివి అప్పుడే సరే అన్నాడక్కా. నాకే, నిన్నొక మాట అడుగుదామని ఉండె. నువ్వు చదువుకున్నదానివి. ఏం భయం లేదు కదా?"

"ఏం లేదు."

"మనోజ్ఞకు వేయిస్తాండావు కదా?"

"వేయిస్తాం కదా మరి."

టీ ఇచ్చింది. యాలకులు ఎక్కువ వేసింది, నాకిష్టమని. తాగి వచ్చాను.

జులై 24

పిల్లల్ని తీసుకుపోయారు. మనోజ్ఞ, ఇంకో ఇద్దరు తరగతి గదిలోనే ఉండిపోయారట.

సాయంత్రం ఫర్హానా నేరుగా ఇంటికి వచ్చేసింది. గౌసియా చెప్పిందట. నేను ముందే తయారుగా ఉన్నాను. "చిన్నప్పుడు ఫిట్స్ వచ్చినాయి ఫర్హానా. మేడమే వద్దన్నారు" అన్నాను. అంత సులభంగా వచ్చింది మాట.

కోపం వస్తుందనుకున్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినావా అక్కా? నాకొక మాట చెప్పుంటే ఏమి?"

నా చేయి రెండు చేతులతో పట్టుకుంది. విడిపించుకోవాలనిపించింది. విడిపించుకోలేదు.

జులై 25

ఫర్హానాకు ఫోన్ చేశాను. గౌసియాకు చేయి కొంచెం నొప్పి అంట. బాగానే ఉంది.

జులై 26

గౌసియా బాగానే ఉంది. జ్వరం కూడా రాలేదు.

జులై 29

గౌసియా బాగానే ఉంది.

ఆగస్టు 3

మనోజ్ఞ బడి నుంచి వచ్చి బూట్లు విప్పకుండా మంచం మీద పడుకుంది. పీఈటీ సార్ ప్రేమయ్య ఆమెను ఎనిమిది వందల మీటర్ల పరుగు నుంచి తీసేశాడు. నంద్యాలలో పోటీలు. రెండేళ్ళుగా ఆమే మొదటిది.

"నాకు ఫిట్స్ ఉండాయంట. ఎండలో పరిగెత్తకూడదంట. సార్ అందరి ముందర చెప్పినాడు."

ఈ విషయం మేడం దగ్గరే ఉంటుందనుకున్నాను. సార్‌కు చెబుతుందని ఎందుకు అనుకోలేదు? చెప్పకుండా ఎట్లా ఉంటుంది? అట్లాంటి బిడ్డ గ్రౌండులో పడిపోతే వాళ్ళది బాధ్యత.

"నాకు ఫిట్స్ వచ్చినాయా అమ్మా?"

"చిన్నప్పుడు. జ్వరంలో."

"ఎన్నిసార్లు?"

"గుర్తు లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని."

ఇది కూడా ఎంత సులభంగా వచ్చిందో.

ఆగస్టు 7

రాత్రి నా పక్కనే పడుకుంటానంది. హైస్కూలుకు వచ్చాక ఇదే మొదటిసారి. నిద్రలో వస్తే ఎవరికీ తెలియదు కదా అంది. సైకిలు మీద పోవడం మానేసింది. పొద్దున అద్దం ముందు నిలబడి నాలుక బయటికి పెట్టి చూసుకుంటోంది. ఏమిటని అడిగితే, ఫిట్స్ వచ్చినవాళ్ళు నాలుక కొరుక్కుంటారంట, రాత్రి నాకు వచ్చిందేమో చూస్తున్నానంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. బస్సు వచ్చే వేళయింది.

ఆగస్టు 12

గౌసియా ఇంటికి వచ్చింది. నాతో మాట్లాడాలని వచ్చిందట, మనోజ్ఞ ట్యూషన్‌లో ఉన్నప్పుడు చూసుకుని.

"ఆంటీ, దానికి వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలంట. నోట్లో ఏమీ పెట్టకూడదంట. ఇనుము చేతిలో పెట్టేది కూడా ఉత్తదంట. నేనంతా నేర్చుకున్నా. బాత్రూముకు కూడా దాంతోనే పోతాండా. మీరేం రంది పెట్టుకోవద్దు."

పద్నాలుగేళ్ళ పిల్ల. మధ్యాహ్నం ఆడుకోవడం మానేసి నా బిడ్డకు కాపలా కాస్తోంది.

"మంచిదానివమ్మా" అన్నాను. ఇంకేమనాలి.

ఆగస్టు 17

ఆత్మకూరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్. అక్కడి దాకా పోయింది మాట. ఏదో ఆకుపసరు ఇస్తారట, తీసుకురమ్మంది. ఫోన్ పెట్టగానే మా అత్త మొదలుపెట్టింది.

"నేను సూది వద్దంటి గాని, మూర్ఛ ఉండాదని చెప్పమంటినా? రేపు ఈ పిల్లను ఎవరు చేసుకుంటారే? ఏమిటికి ఆ మాట అంటివి?"

ఆయన అన్నం తింటూ తల ఎత్తలేదు. తర్వాత చేయి కడుక్కుంటూ, "ఏదో ఒకటి చేసి సరిచెయ్" అన్నాడు. ఏదో ఒకటి.

ఆమె మాటలకు కోపం రాలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను గర్భం గురించి భయపడి బిడ్డ మీద ఇంకొక ముద్ర వేశాను. నన్ను గొడ్రాలన్నవాళ్ళు పరాయివాళ్ళు. దీన్ని మూర్ఛపిల్ల అన్నది నేను.

ఆగస్టు 20

బడికి పోయాను. మేడం గది ముందు బల్ల మీద కూర్చున్నాను. లోపల ఎవరో ఉన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు. మేడం నన్ను చూసి, "ఎట్లుంది పాప?" అంది. పర్వాలేదన్నాను. కమిటీ పని మీద వచ్చినట్టు మంచినీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడి వచ్చాను.

ఆగస్టు 27

నంద్యాలకు టీము పోయింది. మనోజ్ఞ వాళ్ళను బస్సెక్కించి వచ్చింది. నేను ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. లెక్కలు చేసుకుంది.

సెప్టెంబరు 4

నిన్న జరిగింది రాయాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను. నన్ను నేను ఇప్పుడు బాగా ఎరుగుదును.

బడి వదిలాక మనోజ్ఞ ఒక్కతే గ్రౌండులో పరిగెత్తింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదట. నిన్న ఎండ మే నెలలా ఉంది. తనకు ఏమీ కాదని తనకే చూపించుకోవాలనుకుందట. గౌసియా వద్దు వద్దని వెంట తిరిగిందట. మూడో చుట్టులో పడిపోయింది.

గౌసియా ఆమెను పక్కకు తిప్పి, తన బ్యాగు తల కింద పెట్టి, టై వదులు చేసి, సార్‌ను కేకేసింది. ప్రేమయ్య సార్ ఆటోలో నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు. ఫర్హానా ఇల్లు దారిలోనే కాబట్టి ఆమె నాకంటే ముందు చేరింది. నేను పోయేసరికి మనోజ్ఞ మంచం మీద ఉంది. కళ్ళు తెరిచే ఉంది గానీ మాట తడబడుతోంది. చేతులు వణుకుతున్నాయి. భయంతో అని ఇప్పుడు తెలుసు.

డాక్టరు కుర్రవాడు. నా వైపు తిరిగాడు.

"పాపకు ఫిట్స్ ఉండాయని బడివాళ్ళు చెప్పినారు. ఏ మాత్రలు వాడతాండారు?"

నేను మనోజ్ఞ బూట్లు విప్పసాగాను.

"ఆపేసినారా?"

మాట్లాడలేదు.

"మాత్రలు మధ్యలో ఆపేస్తే ఇట్లనే అయితాదమ్మా. చదువుకున్నవాళ్ళు మీరే ఇట్ల చేస్తే ఎట్ల?" అని నర్సుకు ఫిట్స్ ఇంజెక్షన్ తీయమన్నాడు. తర్వాత తలకు స్కానింగ్ అన్నాడు.

నర్సు అద్దాల బీరువా తెరిచింది. మందు సీసా తీసింది. సిరంజి కవరు చించింది. మందు లాగింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఇది రాయడానికే ఈ పేజీ తెరిచాను. నేను చూస్తూ నిలబడ్డాను. డాక్టరే కనిపెట్టి ఆపుతాడేమో అనుకున్నాను. ఒక్క ఇంజెక్షన్‌తో ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాను. ఒక్క ఇంజెక్షన్‌తో ఏమవుతుందోనని కదా ఇదంతా చేసింది నేను.

నర్సు దూది తీసుకుని మనోజ్ఞ చేయి తుడిచింది. మనోజ్ఞ నన్ను చూస్తోంది.

"ఫిట్స్ లేవు" అన్నాను.

డాక్టరుకు వినబడలేదు. మళ్ళీ అన్నాను. "మా పాపకు ఫిట్స్ లేవు సార్."

డాక్టరుకంటే ముందు ఫర్హానా మాట్లాడింది. నా భుజం పట్టుకుని, డాక్టరుతో, "అక్క భయంలో ఏందో చెప్తాంది సార్. పాపకు ఫిట్స్ ఉండాయి, మాకందరికీ తెలుసు. మీరు మందు వేయండి" అంది.

"లేవు ఫర్హానా. నేను అబద్ధం చెప్పినా. టీకా వేయించకూడదని బడిలో అబద్ధం చెప్పినా. దానికి ఎప్పుడూ రాలేదు."

నర్సు చేయి ఆగింది. ప్రేమయ్య సార్ నన్ను చూసి, గోడ మీది బల్లిని చూసి, బయటికి పోయాడు. ఫర్హానా చేయి నా భుజం మీదే ఉంది. ఆమె తీయడం మర్చిపోయింది. తర్వాత తీసింది.

గౌసియా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ళకు గ్రౌండు మట్టి.

సెలైన్ పెట్టారు. గంటలో మనోజ్ఞ లేచి కూర్చుంది. ఎండదెబ్బ, ఖాళీ కడుపు, అంతే. పోయేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. తిట్టలేదు. "నిజంగా ఫిట్స్ ఉన్నా ఆ టీకాకు అడ్డం కాదమ్మా. ఎవరినైనా డాక్టరును అడిగుంటే చెప్పేవాళ్ళు" అన్నాడు.

సెప్టెంబరు 5

మనోజ్ఞ తన గదిలోనే పడుకుంది. తలుపు వేసుకుంది.

సెప్టెంబరు 6

ఫర్హానా వచ్చింది. గడప దాటలేదు. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"ఒక మాట అడుగుతా అక్కా. నిజం చెప్పు. నాకు భయం లేదని చెప్తివే, అప్పటికే మీ పాపకు వద్దని మేడంకు చెప్పింటివా?"

"చెప్పింటి."

"మరి నా బిడ్డకు వేయించమంటివి."

"అది మంచిదే ఫర్హానా. టీకా మంచిదే. నేనే..."

"మంచిదని నాకూ తెలుసు. నేను దాని గురించి అడగడం లేదు. ఆ వారమంతా ఫోన్ చేస్తివి. గౌసియా ఎట్లుంది, జ్వరమొచ్చిందా, చెయ్యి వాచిందా అని. ఎంత ప్రేమ అనుకుంటి. ఏమన్నా అయితాదేమో నా బిడ్డ మీద చూసుకుంటాంటివా?"

"లేదు ఫర్హానా."

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

లేదన్నాను. లేదేనా? ఆ ఫోన్లు చేసినప్పుడు ప్రేమ కూడా ఉంది. నిజంగానే ఉంది. ప్రతిసారీ బాగానే ఉందని వినగానే నా గుండె తేలికపడేది. ఎవరి కోసం తేలికపడిందని నన్ను నేను అడగలేదు.

సెప్టెంబరు 8

ఈసారి మేడం గదిలోకి నేరుగా పోయాను. ప్రేమయ్య సార్ అప్పటికే చెప్పి ఉన్నాడు.

"నీ మాట విని ఎంతమంది తల్లులు సరే అన్నారో తెలుసా నీకు? నువ్వే భయపడి అబద్ధం చెప్పినావని తెలిస్తే వచ్చే ఏడు ఎనిమిదో తరగతి పిల్లలకు ఎవరు ఒప్పుకుంటారు?"

"తప్పే మేడం."

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత, ఈ మాట మన మధ్యే ఉండనీ అంది. పాపకు డాక్టరు చూసి తగ్గిపోయిందన్నాడని చెప్పి, టీకా వేయించి, మళ్ళీ ఆటల్లోకి తీసుకుందామంది. ఎవరికీ నష్టం లేదంది.

ఒప్పుకున్నాను. మెట్లు గబగబా దిగాను. ఇంత తేలికగా అయిపోతుందని తెలిసుంటే ముందే వచ్చేదాన్ని అని కూడా అనుకున్నాను.

మనోజ్ఞకు చెప్పాను. ఐదు రోజుల తర్వాత మొదటిసారి నాతో నాలుగు మాటలు మాట్లాడింది.

"తగ్గిపోయినాయని చెప్తారా?"

"అవునమ్మా. అప్పుడు ఎవరూ ఏమీ అనరు."

"నాకు రాలేదని చెప్పరా?"

నేను మేడం చెప్పిన కారణాలన్నీ చెప్పాను. వచ్చే ఏటి పిల్లలు, తల్లుల నమ్మకం. విన్నది.

"అయితే నేను ఎప్పటికీ ఫిట్స్ తగ్గిపోయిన పిల్లనేనా? రేపు ఎక్కడన్నా కళ్ళు తిరిగితే మళ్ళా వచ్చినాయంటారు. నీకు సిగ్గని నేను మోయాల్నా?"

పద్నాలుగేళ్ళు. గొంతు ఎత్తలేదు.

సెప్టెంబరు 11

రేపటి తల్లిదండ్రుల సమావేశంలో అందరికీ చెబుతానని మేడంకు ఫోన్ చేశాను. "నీ ఇష్టం" అంది.

సెప్టెంబరు 12

చెప్పాను.

ఎట్లా చెప్పాలో ఇంట్లో అనుకున్నవేవీ గుర్తురాలేదు. మనోజ్ఞకు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు, టీకా తప్పించడానికి నేను కల్పించిన మాట అది అన్నాను. ఏడేళ్ళు పిల్లలు లేకపోవడం గురించి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. అది చెబితే జాలిపడతారు. జాలి ఇదివరకే ఫర్హానా దగ్గర దొంగిలించాను.

వెనక వరుసలో ఒకామె లేచి అడిగింది. "మరి వేయించాల్నా వద్దా? ఆ దినం ఒకటి చెప్తిరి, ఇంట్లో ఒకటి చేస్తిరి. ఏది నమ్మాల?"

"వేయించండి. డాక్టరును అడిగి వేయించండి. నా మాట మీద మాత్రం వద్దు."

ఎవరూ నా వైపు చూడలేదు. ఎనిమిదో తరగతి తల్లులు ఇద్దరు అప్పుడే మేడం దగ్గరికి పోయి, మాకు కొంచెం టైమివ్వండి అన్నారు. మేడం వాళ్ళను కూర్చోబెట్టి మొదటి నుంచీ వివరించడం మొదలుపెట్టింది. ఆమె భయపడింది ఊరికే కాదు. నేను నిజం చెప్పినందుకు కూడా ఎవరి బిడ్డకో నష్టం రావచ్చు. దానికి ఏం చేయాలో నాకు తెలియదు.

కమిటీలో నుంచి తప్పుకున్నాను. ఉండమని ఎవరూ అనలేదు.

సెప్టెంబరు 13

మా అత్త పొద్దున్నే ఆత్మకూరుకు ఫోన్ చేసి, "పిల్లకు ఏమీ లేదే, మా కోడలే ఏదో వాగింది" అని గట్టిగా, వీధికి వినబడేలా చెప్పింది. ఆమె నాకు చేసిన మేలు ఇదొక్కటే అనుకుంటాను. వెటకారం కాదు. నిజంగానే.

సెప్టెంబరు 17

ఆరోగ్య కేంద్రం. ఆయన షాపు మూసి వస్తానన్నాడు. రాలేదు. ఆయన మీద రాయడానికి నాకేం అర్హత ఉంది, వదిలేస్తున్నాను.

నర్సు అడిగింది, పాపకు అలర్జీలేమన్నా ఉన్నాయా, ఏమన్నా జబ్బు ఉందా అని. నేను నోరు తెరిచేలోపు మనోజ్ఞే చెప్పింది. "నాకు ఏ జబ్బూ లేదు సిస్టర్." వరుసలో ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత స్పష్టంగా చెప్పింది.

సూది వేస్తుంటే చూపు తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను. అరగంట అక్కడే కూర్చోమన్నారు. పక్కన కూర్చున్నాను. చేయి నొప్పిగా ఉందా అని అడిగితే లేదంది. భయమేసిందా అంటే, "దేనికి?" అంది. తర్వాత కొంచెంసేపటికి తనే అడిగింది.

"నిజంగా నాకు పిల్లలు పుట్టరని భయపడితివా అమ్మా?"

"ఊఁ."

"నాకు ఆ సంగతి చెప్పుంటే నేనే పోయి కనుక్కునేదాన్ని."

ఇంకేం అనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు నాతోనే వచ్చింది. రోడ్డు దాటేటప్పుడు నా చేయి పట్టుకోలేదు, నేను పట్టుకుంటే విడిపించుకోలేదు.

సెప్టెంబరు 19

ప్రేమయ్య సార్ మళ్ళీ రమ్మన్నాడట. ఈ ఏడు పోటీలు అయిపోయాయి. వచ్చే ఏడు పదో తరగతి, ఆటలు ఉండవు. ఆమె మాత్రం పోతోంది, పొద్దున్నే. గౌసియా కూడా పోతోంది. వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగిందో, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గౌసియా ఇప్పుడు మా ఇంట్లోకి రాదు. గేటు బయట సైకిలు గంట కొడుతుంది.

సెప్టెంబరు 26

జిలాని బాషా షాపుకు వస్తూనే ఉన్నాడట. మోటార్లు తీసుకుపోతున్నాడు, చేసి తెస్తున్నాడు. వదినమ్మ ఎట్లుంది అని మునుపు అడిగేవాడు, ఇప్పుడు అడగడం లేదని ఆయన చెప్పాడు.

ఫర్హానా ఇంటికి రెండుసార్లు పోయాను. మొదటిసారి తలుపు వేసి ఉంది. రెండోసారి తెరిచే ఉంది. లోపల నుంచి కుట్టుమిషను చప్పుడు వస్తోంది. వెనక్కి వచ్చాను.

అక్టోబరు 3

ఈరోజు ఇంటికి రావడానికి పాత బస్టాండు దగ్గర మా కల్లూరు షేర్ ఆటో ఎక్కబోయాను. లోపల ఫర్హానా ఉంది. ఒడిలో కూరగాయల సంచీ. నన్ను చూసింది. నేను దిగిపోదామా అనుకున్నాను, వెనక ఇంకొకామె ఎక్కుతూ నన్ను లోపలికి నెట్టింది.

ఫర్హానా సంచీ సర్దుకుని, పక్కకు జరిగి, చోటిచ్చింది.

"రండి మేడం. కూర్చోండి" అంది.

కూర్చున్నాను. కల్లూరు వచ్చేదాకా ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం.